తిరుపతిరావు గారి దోసకాయపప్పు

దోసకాయ చెక్కు తీసి, నిలువునా కోసి, ఒక ముక్క నోట్లో వేసుకోగానే మాణిక్యం మొహం వికారంగా పెట్టింది. చేదు. మామూలు చేదు కాదు, విషం. సింకులో ఉమ్మేసి, నోరు పుక్కిలించి, ఇంకో కాయ అందుకుంది. ఇది బాగానే ఉంది. ఆ ఇంట్లో దోసకాయలు చేదుగా ఉంటాయన్న సంగతి ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. అన్నాల దగ్గర మొగుడు తిరుపతిరావు పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "మన కొట్టు పక్కన బండివాడు మంచోడే. ఇన్నేళ్ళలో ఒక్క చేదు కాయ కూడా అంటగట్టలేదు" అంటాడు. మాణిక్యం ఇంకో గరిటె పప్పు వేస్తుంది.

ఆవిడ ముక్క ఉమ్మేసిన ఆ పూట, ఫోను పోపులడబ్బాకి ఆనుకుని నిలబడి ఉంది. అందులో హెప్సిబా కూడా దోసకాయపప్పే చేస్తోంది. హనుమాన్ జంక్షన్‌లో ఉంటూ, సొంత వంటింట్లోనే వీడియోలు తీసి పెట్టే పిల్ల. నవ్వుతూ మాట్లాడుతుంది, పొయ్యి మీద ఏదన్నా పొంగిపోతే దాచకుండా అదీ చూపిస్తుంది. అందుకే మాణిక్యానికి ఆ పిల్లంటే ఇష్టం. అయితే అసలు తిరనాళ్ళంతా వీడియో కింద కామెంట్లలో ఉంటుందని ఆవిడ ఎప్పుడో కనిపెట్టింది. పువ్వులు, దండాలు, 'సూపర్ అక్కా'ల మధ్యలో ఎవరో ఒకమ్మాయి రాసింది: 'అక్కా నేను చేస్తే చేదొచ్చింది, మా ఆయన కంచం తోసేశాడు, ఎందుకలా అయింది?' ఎవరూ పలకలేదు. ఒకరిద్దరు ఏడుపు బొమ్మలు పెట్టి వెళ్ళిపోయారు.

మాణిక్యానికి మనసొప్పలేదు. చేతులు తడి. వేలి కణుపుతో మైకు బొమ్మ నొక్కి గడగడా చెప్పేసింది. ఫోను విన్నదంతా పొల్లుపోకుండా తెలుగులో రాసి పెట్టింది. విన్నదంతా అంటే నిజంగానే విన్నదంతా.

'దోసకాయ కోయగానే ముందు ఒక ముక్క నోట్లో వేసుకుని చూడాలమ్మా వస్తున్నా అత్తయ్యా చేదు అనేది వండేవాళ్ళ నోటికి ముందు తెలియాలి అప్పుడే తినేవాళ్ళ దాకా పోదు కంచం తోసేస్తే మళ్ళీ వడ్డించకు ఆకలేస్తే ఆయనే వస్తాడు మాత్ర తెస్తున్నా అత్తయ్యా.'

బాణం బొమ్మ నొక్కి, అత్తగారికి బీపీ మాత్ర ఇవ్వడానికి వెళ్ళింది. ఆ కామెంటు సంగతి అప్పుడే మరిచిపోయింది కూడా.

ఒకప్పుడు ఈ ఇంట్లో ఇంటర్నెట్ అంటే హాల్లో ఒక మూల బల్ల మీద కంప్యూటరు. దుమ్ము పడకుండా దాని మీద మాణిక్యం కుట్టిన పూలగుడ్డ. గుడ్డ ఉతకడం ఆవిడ పని, గుడ్డ తీసి కూర్చోవడం తిరుపతిరావు పని. "అది ముట్టుకోకు, ఏదో ఒకటి నొక్కితే మొత్తం పోద్ది" అనేవాడు. ఏం పోతుందో ఆయనకీ తెలియదు. దాంట్లో రాసేవాళ్ళందరూ ఇంగ్లీషు వచ్చిన మగపిల్లలని, వాళ్ళ ప్రపంచం వాళ్ళదని మాణిక్యం అనుకునేది. ఫోనొచ్చి ఆ బల్లని ముక్కలు చేసి ఎవరి చేతికి వాళ్ళకి పంచిపెట్టింది. పోరంకిలో పిల్ల పాలు విరిగాయని ఏడిస్తే ఒంగోలు పిన్ని ఓదారుస్తుంది, ఖమ్మం వదిన కోవా చేసుకోమంటుంది. ఇంగ్లీషు అక్కర్లేదు, బల్ల అక్కర్లేదు, ఆఖరికి చేతులు కడుక్కోవాల్సిన పని కూడా లేదు. నోరుంటే చాలు. నోరు మాణిక్యానికి పుట్టినప్పటినుంచీ ఉంది. వినేవాళ్ళే ఇన్నాళ్ళకి దొరికారు.

ఇక ఆవిడ చేతికి ఫోనెలా వచ్చిందంటే, చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఎలా వస్తుందో అలాగే వచ్చింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కూతురు రుచిత నాన్నకి కొత్త ఫోను కొని పంపింది. నాన్న పాతది, ఒక మూల పగిలింది, అమ్మకి దిగింది. తిరుపతిరావుకి విజయవాడ వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టుంది. పాత ఫోన్లో కొట్టు పేరు మీద తెరిచిన ఖాతా అలాగే ఉండిపోయింది. దాని పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. రుచిత విసుగొచ్చి కొత్త ఫోన్లో కొత్త ఖాతా తెరిచింది. "పాతది ఉంటే ఉందిలే. నువ్వేమన్నా వ్యాపారం చేస్తావా ఏంటి? ఇంట్లో ఖాళీగానేగా ఉండేది, పాటలు వినుకో" అని ఫోను చేతిలో పెట్టాడు తిరుపతిరావు. అలా చెప్తూనే, ఖాళీగానేగా ఉండేది కాబట్టి కరెంటాఫీసుకి వెళ్ళి మీటరు సంగతి కనుక్కోమని, వస్తూ వస్తూ కుక్కర్ రబ్బరు వేయించుకు రమ్మని కూడా చెప్పాడు.

కామెంటు పెట్టిన కొన్నాళ్ళకి కింది వాటాలో ఉండే అర్ఫా పైకొచ్చింది. పెళ్ళికూతుళ్ళకి గోరింటాకు పెట్టే పిల్ల. తను పెట్టిన చేతులన్నీ ఫొటోలు తీసి 'అర్ఫా మెహందీ' అని తన పేరు మీదే పేజీ నడుపుతోంది.

"ఆంటీ, ఇది మా ఖాలా, అదే మా పిన్ని వాళ్ళ గ్రూపులో వచ్చింది. ఈయన మన అంకులే కదా?"

మాణిక్యం కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఎవరో ఆ దోసకాయ కామెంటుని ఫొటో తీసి, చుట్టూ గులాబీలు అతికించి, ఊరంతా తిప్పుతున్నారు. 'చేదు వండేవాళ్ళ నోటికి ముందు తెలియాలి.' కింద పేరు: తిరుపతిరావు స్టీల్స్, వన్ టౌన్. పక్కన గుండ్రంగా బొమ్మ: ప్రకాశం బ్యారేజీ మీద నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డ తన మొగుడు.

"అంకుల్ వంట కూడా చేస్తారా?" అంది అర్ఫా. నమ్మలేనట్టు, కానీ మర్యాదగా.

మాణిక్యం నోరు తెరిచింది. నవ్వొచ్చింది. ముందు చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని. ఇన్ని నెలలుగా తను రాసిందంతా ఆయన మొహం పెట్టుకుని రాసిందన్నమాట! అర్ఫా చేత పాత కామెంట్లన్నీ తీయించి చూసింది. వాటి కింద జనం రాసింది చదువుతుంటే కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి.

'మగవాళ్ళై ఉండి ఎంత ఓపిగ్గా చెప్తున్నారు బాబాయ్ గారూ!' 'మీలాంటి భర్త దొరికిన పిన్నిగారిది ఏ జన్మలో పుణ్యమో.' ఒకావిడ ఇంకా ముందుకెళ్ళింది: 'ప్రతి కామెంటులోనూ వస్తున్నా అత్తయ్యా, మాత్ర తెస్తున్నా అత్తయ్యా అని ఉంటుంది. ఇల్లరికం వెళ్ళి అత్తగారిని ఇలా చూసుకునే అల్లుడు ఈ రోజుల్లో ఉన్నాడా! నీళ్ళొచ్చేశాయి అన్నగారూ.' దాని కింద అందరూ దండాలు పెట్టారు.

నవ్వి నవ్వి అలిసిపోయాక ఎక్కడో కొంచెం గుచ్చుకుంది కూడా. వంట చేస్తే, అత్తగారికి మాత్ర ఇస్తే, దానికి దండాలు పెడతారని మాణిక్యానికి అంతవరకూ తెలియదు. తను చేసినప్పుడు ఎవరూ పెట్టలేదు. అదే మాట, అదే చెయ్యి, పక్కన నల్లకళ్ళద్దాల బొమ్మ ఉండేసరికి పుణ్యమైపోయింది. అంతకుముందొకసారి పిన్నిగారు ఏం చేస్తుంటారని ఒకమ్మాయి అడిగితే, రాసే తననే మర్యాదగా పిన్నిగారంటోందనుకుంది మాణిక్యం. ఏదో తమాషాకి, తన గురించి తిరుపతిరావు అనే మాటే ఆయన అన్నట్టుగా చెప్పింది. 'ఇంట్లో ఖాళీగానే ఉంటుందమ్మా వస్తున్నా అత్తయ్యా గ్యాసు బండ వచ్చినట్టుంది తలుపు తీస్తున్నా.'

"పేరు మార్చేద్దామా ఆంటీ? కొత్త ఖాతా తెరిస్తే రెండు నిమిషాలు" అంది అర్ఫా.

"ఇప్పుడే వద్దులే" అంది మాణిక్యం. దానికీ కారణం ఉంది. ఆయన పేరుతో మాట్లాడుతుంటే ఎవరూ 'నీకెలా తెలుసు' అనలేదు. 'హాయ్ డియర్' అని ఎవడూ గుమ్మంలోకి రాలేదు. చద్దన్నం తింటే కడుపులో పురుగులొస్తాయని వాదించిన ఒక పెద్దమనిషిని చెడామడా కడిగేస్తే, 'మీరు చెప్పారంటే సరేనండి' అని వెళ్ళిపోయాడు. చొక్కా తొడుక్కుని తిరిగినట్టుంది. జేబులున్నాయి, గాలి ఆడుతోంది. కొన్నాళ్ళు ఉంచుకుంటే తప్పేముంది అనుకుంది.

సంగతి తిరుపతిరావు దాకా వెళ్ళడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. కొట్టుకొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు బిందెలు చూడ్డం మానేసి ఆయన్ని చూశారట. "మీరేనా అండీ తిరుపతిరావు గారు! మీ అత్తగారు ఎలా ఉన్నారు?" అన్నారట. ఆయనకి అత్తగారు పోయి చాలా కాలమైంది. "పోయారండీ" అన్నాడు అయోమయంగా. ఆడవాళ్ళిద్దరూ అక్కడే కొంగు నోటికడ్డం పెట్టుకున్నారట. "ఎంత సేవ చేశారండీ! రేపటికి కూడా మీ పేరు చెప్పుకుంటారు" అని, ఓదార్పుగా ఇడ్లీ కుక్కరొకటి కొనుక్కుని వెళ్ళారు.

ఇంటికొచ్చి విషయమంతా విన్నాక తిరుపతిరావు ముందు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "నా పేరు మీద ఇల్లరికమా! నాకా!" అన్నాడు. రెండు పూటలు మాట్లాడలేదు. మూడో పూట నెమ్మదిగా, "ఇంకా ఏమన్నారేంటి?" అని అడిగాడు. ఆ వారం కొట్టు కళకళలాడింది. ఇక అక్కణ్ణుంచి ఆయనకి ఆ పేరు తియ్యగా తగిలింది. నుదుట బొట్టు కొంచెం పెద్దదైంది, ఆడవాళ్ళని 'అమ్మా' అని పిలవడం మొదలెట్టాడు. తెలియనిది అడిగితే, "ఒక్క నిమిషం తల్లీ, గోడౌన్లో పనుంది" అని వెనక్కెళ్ళి మాణిక్యానికి ఫోన్ కొట్టేవాడు. ఆయన ఫోన్లో ఆవిడ నంబరు 'ఇల్లు' అని ఉంటుంది.

"ఏమే, పిండి పులిసిపోతే ఏం చేస్తావ్?"

"కాస్త బియ్యప్పిండి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ వేసి ఊతప్పం పోస్తానండీ."

"ఊతప్పం. సరే పెట్టేయ్."

ఇంట్లో ఖాళీగా ఉండే మనిషి పనిలో ఇది కూడా చేరింది. గుమ్మంలో బట్టలారేస్తుంటే ఒక ఫోను, అత్తగారికి తల దువ్వుతుంటే ఒక ఫోను. మాణిక్యం విసుక్కోలేదని చెప్పను. విసుక్కుంది, నవ్వుకుంది కూడా. ఆయన నోటంట తన మాటలు వన్ టౌన్‌లో తిరుగుతున్నాయని తలుచుకుంటే ఏదో గిలిగింత. ఈయనగారు ఏదో ఒకరోజు "మా ఆవిడ చెప్పింది" అంటాడని ఎదురుచూసింది. అన్నం వడ్డిస్తూ రోజూ ఆయన మొహం వంక చూసేది. ఆ మాట మాత్రం రాలేదు.

అప్పుడు హెప్సిబా కబురొచ్చింది. 'తిరుపతిరావు బాబాయ్ గారూ, మా ఛానల్‌కి పెద్దదిక్కు మీరు. వచ్చే ఆదివారం చర్చి అయ్యాక మీ ఇంటికొస్తాను. మీ చేతి దోసకాయపప్పు లైవ్‌లో చూపిద్దాం.'

మాణిక్యం చదివి వినిపించి, "ఏమండీ, ఇక చెప్పేద్దాం. రాసేది నేనేనని చెప్తే పోయేదేముంది? ఆ అమ్మాయి కూడా సంతోషిస్తుంది" అంది.

తిరుపతిరావు పళ్ళెంలోంచి తలెత్తాడు. "పోయేదేముందా? పరువు పోద్ది! అంతమందికి చెప్పుకొచ్చాను. ఇప్పుడు 'నేను కాదు, మా ఆవిడ' అంటే కొట్లో మొహమెట్టా చూపిచ్చుకోను? అయినా పేరు ఎవరిదైతే ఏంటే? ఇల్లొకటేగా. నువ్వు ఫ్రిజ్ పక్కన నుంచుని సైగలు చెయ్యి, నేను కలిపేస్తా. పప్పేగా!"

"పప్పేగా" అన్న మాట ఆవిడ చెవిలో చాలాసేపు ఉండిపోయింది. "సరేనండీ" అని లేచి అంట్లు ముందేసుకుంది.

స్టీలు కొట్టువాళ్ళ ఇల్లు కదా, సామాను బోలెడు. ప్రతి గిన్నె మీదా చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు. కావిడి బిందె మీద నాన్న పేరు సంజీవరావు, అల్లుడికిచ్చిన కానుక అని. పెద్ద గుండిగ మీద మామగారి పేరు. కూరల గిన్నెల మీద ఎవరెవరో పెళ్ళికొచ్చిన పెద్దమనుషుల పేర్లు, వాళ్ళెవరో కూడా ఇప్పుడు గుర్తులేదు. ఇన్నేళ్ళుగా వాళ్ళందర్నీ రోజుకి రెండుసార్లు తోమి బోర్లిస్తోంది. మాణిక్యం అని ఒక్క గరిటె మీద లేదు. సరే తనంటే వెనకొచ్చింది, అత్తగారి పేరు చూద్దామని వెతికింది. సంపూర్ణమ్మ అని ఒక్క చెంబు మీద కూడా లేదు. ఆ మాటకొస్తే ఇంట్లో ఎవరు తనని పేరు పెట్టి పిలుస్తారు? అత్తగారికి 'అమ్మాయ్'. కూతురికి 'అమ్మా'. అర్ఫాకి 'ఆంటీ'. సరుకులు తెచ్చేవాడికి 'మేడం'. ఆయనకి 'ఏమే', ఆయన ఫోనుకి 'ఇల్లు'. పుట్టినప్పుడు బారసాల చేసి, బంధువులందర్నీ పిలిచి, బియ్యంలో రాయించి మరీ పెట్టిన పేరు. పెట్టినవాళ్ళు పెట్టి వెళ్ళిపోయారు, వాడినవాళ్ళు లేరు. నాకు నా పేరు కావాలి అనుకుంది మాణిక్యం. చాలా మామూలుగా, కొత్త పీచు కావాలి అనుకున్నట్టు అనుకుంది. అనుకున్నాక మనసు తేలికపడి మిగతా అంట్లు పాట పాడుకుంటూ తోమింది.

ఆదివారం మధ్యాహ్నం హెప్సిబా వచ్చింది. లైట్లు లేవు, మనుషులు లేరు, కర్రకి తగిలించిన ఒక ఫోను, అంతే. ఒకప్పుడు టీవీవాళ్ళొస్తే వీధంతా వ్యాను నిలిపేవారు. ఈ పిల్ల ఆటో దిగి, చెప్పులు విప్పి, కుంకుమభరిణె అంత మైకొకటి తిరుపతిరావు చొక్కాకి తగిలించి, "మొదలెడదామా బాబాయ్ గారూ?" అంది. ఆయన కొత్త లుంగీ, ఇస్త్రీ చొక్కా, మెళ్ళో తువ్వాలు.

వంటింట్లోకి వెళ్తూ ఫ్రిజ్ పక్కకి రమ్మని కళ్ళతో సైగ చేశాడు. మాణిక్యం తలూపింది. వాళ్ళు లోపలికెళ్ళాక హాల్లో సోఫా దగ్గరికొచ్చింది. అక్కడ అత్తగారు, అర్ఫా ఒకే ఫోను మీదకి వంగి లైవ్ చూస్తున్నారు. వాళ్ళ పక్కన కూర్చుంది. కాళ్ళు పైకి పెట్టుకుంది. చిక్కుళ్ళు ఈనెలు తీయడానికి పళ్ళెం తెచ్చుకోలేదు. ఉతికిన బట్టలు మడతలకి దగ్గరికి లాక్కోలేదు. ఖాళీగా ఉంటావంటే విన్నది గానీ, అలా ఉండటం ఎలాగో ఆవిడకి ఆ రోజు దాకా తెలియదు. బాగుంది.

"నువ్వు లోపలికెళ్ళవా అమ్మాయ్?" అంది సంపూర్ణమ్మ.

"లేదత్తయ్యా. నేనిక్కడే."

పెద్దావిడ కోడలి మొహం వంక ఒకసారి చూసి, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ ఫోన్లోకి వంగింది. "వీడు పుట్టి బుద్ధెరిగి పాలన్నా కాచలేదే. ఏం జేత్తాడో చూద్దాం" అంది, సినిమా మొదలైనంత హుషారుగా.

మొదటి గండం లైటరు దగ్గరే. గ్యాసు తిప్పడం, లైటరు నొక్కడం ఒకేసారి కుదరక భగ్గుమనిపించి వెనక్కి గెంతాడు. "హాహా, పెద్ద మంట" అన్నాడు. తర్వాత పసుపు. పసుపు డబ్బాలో మెంతులున్నాయి. ఆవాల డబ్బాలో వడియాలు. మాణిక్యం వంటింట్లో డబ్బా మీదున్నదానికీ లోపలున్నదానికీ సంబంధం ఉండదు. ఇంగువ డబ్బాలో కాఫీపొడి, కాఫీ సీసాలో ఇంగువ. అవన్నీ ఆవిడ చేతికి తెలుసు, చెప్పమంటే ఆవిడకే తెలియదు. ఫ్రిజ్ వైపు చూశాడు. అక్కడెవరూ లేరు. నుదుటి మీద చెమట బొట్టు పట్టింది.

"పసుపు తర్వాత వేద్దాం తల్లీ, ముందు కాయ కోద్దాం" అని కత్తి తీసుకున్నాడు. చెక్కు తీసినంత సేపూ బాగానే తీశాడు. ముక్కలు కోశాడు. కోసినవి కోసినట్టు దోసిట్లోకెత్తి కందిపప్పులో వేసేశాడు.

హాల్లో ముగ్గురూ ఒకేసారి "అయ్యో" అన్నారు. ఫోన్లో కామెంట్లు జలజలా రాలాయి. అర్ఫా చదువుతోంది: "'బాబాయ్ గారూ ముక్క తినలేదు!' 'చేదు చూడరా?' 'మీరు చెప్పబట్టే కదా మేం రోజూ చూసేది!'"

లోపల హెప్సిబా గొంతు సందేహంగా వినిపించింది. "బాబాయ్ గారూ... చేదు చూడటం మర్చిపోయారా?"

"చేదా? చేదెందుకుంటది? మా బండివాడు..." అని మధ్యలో ఆగిపోయాడు తిరుపతిరావు. తర్వాత, ఇంటాయన ఇన్నేళ్ళుగా ఏం కనిపించకపోయినా వేసే కేకే వేశాడు. "ఏమే!"

మాణిక్యం కదల్లేదు.

"ఏమే, ఇటురా!"

"'ఏమే అంటే ఎవరు బాబాయ్ గారూ' అని అడుగుతున్నారు ఆంటీ" అంది అర్ఫా, నవ్వు ఆపుకోలేక.

"ఇదిగో, నిన్నే!"

అప్పుడు సంపూర్ణమ్మ గొంతు సవరించుకుని హాల్లోంచి గట్టిగా అరిచింది. ఆ అరుపు లైవ్‌లో అందరికీ వినపడింది. "ఎవర్నిరా పిలిచేది? ఇక్కడ ముగ్గురు ఆడాళ్ళం ఉన్నాం. పేరెట్టి పిలు!"

పొయ్యి మీద పప్పు ఉడుకుతున్న చప్పుడు. వంటింట్లో ఆ పెద్దమనిషి తన పెళ్ళాం పేరు కోసం వెతుక్కుంటున్నాడని, అదీ పసుపు డబ్బాలాగే ఎప్పుడూ తీసి ఎరగని చోట ఉందని మాణిక్యానికి తెలుస్తూనే ఉంది. జాలేసింది. లేచి వెళ్దామనిపించింది. సోఫా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"మా... మాణిక్యం!"

ఎంత పెద్దగా వచ్చిందంటే కింది వాటాలో కుక్క మొరిగింది. పెళ్ళిలో పేర్లు చెప్పించే వేళ ఆడపడుచులు తలుపుకి అడ్డం నిలబడితే చెప్పాడు, మళ్ళీ ఇదే. మాణిక్యం కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. నవ్వుతూనే తిరిగాయి. కొంగుతో అద్దుకుని, జుట్టు ముడేసుకుని, "ఆఁ, వస్తున్నా" అని లేచింది.

వంటింట్లోకెళ్ళి, బల్ల మీద మిగిలిన దోసకాయ ముక్క ఒకటి తీసి ఆయన చేతికిచ్చింది. "చూడండి" అంది.

"నేనా?"

"మీరే."

తిరుపతిరావు హెప్సిబా ఫోను వంక ఒకసారి, పెళ్ళాం వంక ఒకసారి చూసి ముక్క నోట్లో వేసుకున్నాడు. మొహం ముడుచుకుపోయింది. ఉమ్మేయడానికి సింకెటుందో వెంటనే తోచక కళ్ళు మూసుకుని మింగేశాడు. కళ్ళెర్రబడ్డాయి.

"చేదు" అన్నాడు.

"తెలుసు" అంది మాణిక్యం.

నోటిలో చేదు దిగుతున్నకొద్దీ ఏవేవో లెక్కలు తేలుతున్నట్టు ఆయన మొహం మారింది. "అయితే... బండివాడు కాదన్నమాట" అన్నాడు నెమ్మదిగా. తర్వాత, ఎంతైనా నలుగురితో బేరాలాడే మనిషి కదా, చొక్కాకున్న మైకు తనే ఊడదీసి ఆవిడ కొంగుకి తగిలించాడు. "తల్లీ, రాసిందంతా ఈవిడే. నేను వట్టి ఫొటోనే" అన్నాడు. హెప్సిబా నోరు తెరిచింది, మరుక్షణం మాణిక్యాన్ని వాటేసుకుంది. చేదు పప్పు పారబోసి, మాణిక్యం మళ్ళీ ఎసరు పెట్టింది. కాయ కోసి మొదటి ముక్క మొగుడికి, రెండోది హెప్సిబాకి ఇచ్చి, మూడోది తను తింది. ఆ రోజు హాల్లో సంపూర్ణమ్మ "చూడండర్రా మా కోడలు మాణిక్యం" అని అర్ఫా ఫోన్లోకి అరుస్తూనే ఉంది. ఆ ఫోన్లోంచి అటు పక్కవాళ్ళకి వినపడదని ఎంత చెప్పినా వినలేదు.

మర్నాడు తిరుపతిరావు కొట్టునుంచి కొత్త గిన్నె తెచ్చాడు, పేరు కొట్టించి మరీ. సిగ్గుపడుతూ చేతిలో పెట్టాడు. మాణిక్యం తిప్పి చూసింది. 'శ్రీమతి తిరుపతిరావు.' పగలబడి నవ్వింది. ఏం తప్పయిందో అర్థంకాక ఆయన గుడ్లప్పగించి చూశాడు. "గిన్నె మంచిదేనండీ, తొక్కలేసుకుంటా" అని సింకు పక్కన పెట్టింది. ఇప్పటికీ దోసకాయ చెక్కులు అందులోనే పడతాయి.

ఆ సాయంత్రం ఫోన్లో పాత ఖాతా తెరిచి కూర్చుంది. ఇది తీసేస్తే మళ్ళీ రాదని, పాస్‌వర్డ్ లేదు కదా అని అర్ఫా రెండుసార్లు హెచ్చరించింది. అన్ని దండాలు, అన్ని పువ్వులు, అంత పుణ్యం. నల్లకళ్ళద్దాల తిరుపతిరావు బ్యారేజీ మీంచి ధీమాగా చూస్తున్నాడు.

"నొక్కితే పోద్దా మొత్తం?" అన్నాడు అసలు తిరుపతిరావు, భుజం మీంచి తొంగిచూస్తూ. గొంతులో దిగులు.

"పోతుందండీ. మీకేం, మీ పేరు గిన్నెల నిండా ఉందిగా" అని నొక్కేసింది. కొత్తది తను ఒక్కతే తెరుచుకుంది. పేరు అడిగితే మాణిక్యం అని రాసింది. ఇంకేమన్నా చేర్చాలా అని ఫోను అడిగింది, వద్దంది.

కొన్నాళ్ళు కొత్త పేరుకి అలవాటు పడక జనం తికమకపడ్డారు. 'నీకెలా తెలుసు' అన్నవాళ్ళూ వచ్చారు, 'హాయ్ డియర్'లూ వచ్చారు. వాళ్ళకి చెప్పాల్సింది చెప్పడానికి ఆవిడకి ఇప్పుడు ఎవరి చొక్కా అక్కర్లేదు. మిగతావాళ్ళు మాత్రం వెతుక్కుంటూ వచ్చేశారు. ఒకరోజు పొయ్యి మీద చారు మరుగుతుంటే, పోపులడబ్బాకి ఆనించిన ఫోన్లో ఒకమ్మాయి అడిగింది: 'మాణిక్యం పిన్నిగారూ, ఇన్ని సంగతులు చెప్తుంటారు. ఇంతకీ బాబాయ్ గారు ఏం చేస్తుంటారండీ?'

చేతులు తడి. మాణిక్యం వేలి కణుపుతో మైకు నొక్కింది. సరిగ్గా అప్పుడే హాల్లోంచి కాఫీ కోసం కేక వినపడింది, ఈసారి పేరు పెట్టే. ఫోను ఎప్పటిలాగే విన్నదంతా రాసుకుంది.

'ఇంట్లో ఖాళీగానే ఉంటారమ్మా మీరే పెట్టుకోండి కాఫీపొడి ఇంగువ డబ్బాలో ఉంది.'